వృద్ధ తల్లిదండ్రుల వైద్యము: తోడు నిలుచువారి బాధ్యత, పంచాయతీ కర్తవ్యము

గ్రామములో ఒక వృద్ధుడు జబ్బుపడినప్పుడు ఆసుపత్రికి ఒంటరిగా పోడు. కుమారుడో, కుమార్తెయో, కోడలో, మనుమడో ఆయన వెంట పోవుదురు. బండి కుదుర్చుట, చీటీ వ్రాయించుట, మందులు కొనుట, రాత్రులు మంచము ప్రక్కన మేల్కొని యుండుట మొదలగు పనులన్నియు వెంట పోయినవారివే. ఇవి అందరికిని తెలిసిన సంగతులు. అయితే వీటికంటె ముఖ్యమైన పని మరియొకటి కలదు. రోగి చెప్పలేనిదానిని డాక్టరుకు చెప్పుట, రోగి అడుగలేనిదానిని అడుగుట, డాక్టరు చెప్పినదానిని ఇంటికి వచ్చిన తరువాత తప్పకుండ జరుగునట్లు చూచుట అనునదే ఆ పని. దీనిని ఎవరును నేర్పరు. నేర్వకుండనే చేయవలసి వచ్చుటచే పలు కుటుంబములు నష్టపడుచున్నవి. కొన్ని సమయములలో ధనమే కాక ప్రాణము కూడ పోవుచున్నది.

ఒక గ్రామపు పంచాయతీ సభ్యునకు ఈ విషయముతో నిమిత్తమేమని కొందరు అడుగవచ్చును. మన రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, డిస్పెన్సరీలతో కూడిన ఆరోగ్యము, పారిశుధ్యము ఒకటి. ఇది చట్టము మాట. ఆచరణలోనైనను అంతే. ఇంటిలో పెద్దదిక్కునకు జబ్బు చేసినప్పుడు జనులు మొదట సలహా అడుగునది ఊరి పెద్దలనే. కావున ఆ సలహా సరియైనదిగా ఉండుట అవసరము. ఈ వ్యాసమున అట్టి సలహాకు ఉపకరించు సంగతులను క్రమముగా వివరింపదలచితిమి.

డాక్టరుతో ఎవరు మాటలాడవలెను?

మన ఇండ్లలో తరచుగా జరుగునది ఇది. అత్తగారికి అన్నము పెట్టునది, మందు మ్రింగించునది, రాత్రి లేచి మరుగుదొడ్డికి చేయిపట్టి తీసికొనిపోవునది కోడలు. కాని డాక్టరు గదిలోనికి పోయి మాటలాడునది పట్టణమునుండి ఆ ఉదయమే దిగిన కుమారుడు. "ఎన్ని దినములనుండి వాపు ఉన్నది? రాత్రి ఎన్నిసార్లు మూత్రమునకు లేచుచున్నారు? మందు ఏ పూట మానినారు?" అని డాక్టరు అడిగినప్పుడు ఆయన తెల్లముఖము వేయును. తెలిసిన కోడలు వరండాలో కూర్చుండి యుండును. డాక్టరు ఊహమీద మందు వ్రాయవలసి వచ్చును.

కాబట్టి మొదటి నియమమేమనగా, దగ్గర నుండి సేవ చేయువారే డాక్టరు ఎదుట ఉండవలెను. ఖర్చు భరించువారు వేరుగా ఉన్నచో వారుకూడ రావచ్చును. కాని రోగి పరిస్థితి చెప్పవలసినది దినదినము చూచినవారే. వారు స్త్రీలైనను, చదువు లేనివారైనను, అత్తవారింటినుండి వచ్చిన కుమార్తెలైనను ఈ నియమము మారదు. అన్నదమ్ములు నలుగురున్నచో నలుగురును నాలుగు విధములుగా డాక్టరును అడుగుట కంటె, ఒకరిని నిర్ణయించుకొని వారి ద్వారా మాటలాడుట మేలు. మిగిలినవారికి ఆ సాయంకాలమే ఫోనుచేసి చెప్పవచ్చును.

ఒక నోటుపుస్తకము

ఆసుపత్రికి పోవుటకు ముందు చేయవలసిన పని నలుబది పుటల నోటుపుస్తకమొకటి కొనుట. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని దీనివలన కలుగు మేలు పెద్దది. మొదటి పుటలో రోగి పేరు, వయస్సు, ఇదివరకు జరిగిన ఆపరేషనులు, పడని మందులు వ్రాయవలెను. రెండవ పుటలో ఇప్పుడు వాడుచున్న ప్రతి మందు పేరు, ఎంత మోతాదు, ఏ పూట అనునది వ్రాయవలెను. నాటుమందు, పసరు, ఊరిలో వేయించుకొన్న సూదిమందు కూడ ఇందులో చేర్చవలెను. వీటిని డాక్టరు వద్ద దాచుట ప్రమాదకరము. ఆ తరువాతి పుటలలో తేదీవారీగా జ్వరము, రక్తపోటు, చక్కెర అంకెలు, కొత్తగా కనిపించిన బాధలు వ్రాసికొనుచు పోవలెను.

ఒకే మందు వేరువేరు కంపెనీల పేర్లతో అమ్ముడగుచుండును. మండల కేంద్రములో ఒక డాక్టరు ఒక పేరుతో వ్రాసినది, జిల్లా కేంద్రములో మరియొక డాక్టరు మరియొక పేరుతో వ్రాయవచ్చును. ఇంటిలో రెండును ఉన్నందున రోగి రెండింటిని మ్రింగును. రక్తపోటు మందు ఇట్లు రెట్టింపైనచో వృద్ధులు కండ్లు తిరిగి పడిపోవుదురు. చక్కెర మందు రెట్టింపైనచో చెమటలు పట్టి, వణకి, స్పృహ తప్పుదురు. మందు అట్టమీద కంపెనీ పేరుతోబాటు అసలు మందు పేరు కూడ ముద్రింపబడి యుండును. రెండు అట్టలమీద అసలు పేరు ఒకటియే అయినచో ఆ సంగతి డాక్టరుకు చూపవలెను. డాక్టర్లు మందుల అసలు పేర్లను చదువుటకు వీలగునట్లు పెద్ద అక్షరములతో వ్రాయవలెనని వైద్యుల వృత్తి నియమములకు 2016లో చేసిన సవరణ చెప్పుచున్నది. కావున చీటీలోని వ్రాత తెలియనప్పుడు మరల అడుగుట తప్పు కాదు.

కీళ్ల నొప్పులకు మందుల అంగడిలో అడిగి కొను బిళ్లల విషయమున ప్రత్యేక జాగ్రత్త అవసరము. వీటిలో పలు రకములు దీర్ఘకాలము వాడినచో మూత్రపిండములకు హాని చేయును, కడుపులో పుండ్లు కలిగించును, రక్తపోటును పెంచును. మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు ఉన్న వృద్ధులు వీటిని డాక్టరు నడుగకుండ వాడరాదు.

అడుగవలసిన ప్రశ్నలు

డాక్టరు ఎదుట మన గ్రామస్థులు తరచుగా మౌనముగా నిలుచుందురు. అడిగినచో కోపగించుకొందురేమో అను భయము ఇందుకు కారణము. వినయముతో అడిగిన ప్రశ్న అమర్యాద కాదు. ఈ అయిదు ప్రశ్నలు గుర్తుంచుకొన్న చాలును. ఒకటి, జబ్బు పేరేమి? రెండు, ఈ పరీక్ష వలన ఏమి తెలియును, దాని ఫలితమును బట్టి చికిత్స మారునా? మూడు, ఈ మందు ఎన్ని దినములు వాడవలెను, ఏమి కనిపించినచో వెంటనే తిరిగి రావలెను? నాలుగు, ఆపరేషను చేయనిచో ఏమగును, వేరు మార్గము కలదా? అయిదు, మొత్తము ఖర్చెంత కావచ్చును?

జవాబులను నోటుపుస్తకములో అక్కడనే వ్రాసికొని, "మీరు చెప్పినది మేము ఇట్లు గ్రహించితిమి, సరియేనా?" అని తిరిగి చదివి వినిపించవలెను. పొరపాటు ఉన్నచో అక్కడనే సరియగును. రోగుల వరుస పొడవుగా నున్నప్పుడు డాక్టరుకు తీరిక తక్కువ. అందుచే మూడు ముఖ్యమైన బాధలను ముందుగా వ్రాసికొని పోయి వానినే మొదట చెప్పవలెను. జబ్బుచరిత్ర అంతయు మొదటినుండి చెప్పబూనినచో అసలు సంగతి మిగిలిపోవును.

"వయస్సు మీద పడినది, ఇట్లే ఉండును" అను మాటను ఎవరన్నను తొందరపడి ఒప్పుకొనరాదు. మొన్నటివరకు మనుమలను పేరుపెట్టి పిలిచిన తల్లి, రెండు దినములనుండి ఉన్న చోటు తెలియక మాటలాడుచున్నచో అది ముసలితనము కాదు. మూత్రములో చీము, ఊపిరితిత్తులలో జబ్బు, రక్తములో ఉప్పు తగ్గుట, చక్కెర పడిపోవుట, క్రొత్త మందు పడకపోవుట వంటి కారణములచే వృద్ధులకు ఇట్టి కలవరము హఠాత్తుగా కలుగును. వీటిలో చాలవరకు చికిత్సకు లొంగునవే. డాక్టరు ఆ రోగిని అదే మొదటిసారిగా చూచుచుండును. ఆమె ఎప్పుడును ఇట్లే ఉండునని ఆయన తలపవచ్చును. "గత వారము ఇట్లు లేదు" అని చెప్పగలిగినది తోడు వచ్చినవారు మాత్రమే. ఆ ఒక్క వాక్యము చికిత్సనే మార్చగలదు.

రోగి మాటయే ప్రధానము

తోడు నిలుచుట అనగా రోగి బదులు నిర్ణయము చేయుట కాదు. తల్లికి గాని తండ్రికి గాని తెలివి, ఆలోచన ఉన్నంతవరకు చికిత్సకు అంగీకరించుట, నిరాకరించుట వారి హక్కు. రోగికి చికిత్స స్వభావము, లాభనష్టములు, వేరు మార్గములు తెలిపి అంగీకారము పొందవలెనని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టపరచినది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా ఆమె తల్లి ఇచ్చిన అంగీకారముతో, ఆమె ఒప్పుకొనని ఆపరేషను చేయబడినది. వయోజనురాలైన రోగి స్వయముగా అంగీకరింప గలిగియుండగా, ప్రాణాపాయము లేనప్పుడు, బంధువు అంగీకారము చాలదని కోర్టు తీర్పు చెప్పినది.

మన ఇండ్లలో జబ్బు పేరును రోగికి తెలియనీయక దాచు అలవాటు కలదు. ఇది ప్రేమతో చేయునదే. కాని దాచినచో రోగి తన పొలము, అప్పు, మనుమరాలి పెండ్లి గురించి తాను చేయదలచిన ఏర్పాట్లు చేసికొనలేడు. బాధగల చికిత్సను ఎందుకు భరింపవలెనో కూడ అర్థము కాదు. "మీ జబ్బు సంగతి డాక్టరు మీకే చెప్పవలెనా, మాకు చెప్పిన చాలునా?" అని ముందుగా తండ్రినే అడుగవచ్చును. ఆయన కోరినంత చెప్పుట న్యాయము.

అంగీకార పత్రము మీద సంతకము గాని, వ్రేలిముద్ర గాని వేయించునప్పుడు దానిని తెలుగులో చదివి వినిపించుమని అడుగవలెను. ఖాళీ కాగితముమీద వ్రేలిముద్ర వేయరాదు.

ఆపద సమయమున

కొన్ని జబ్బులలో ఆలస్యమే శత్రువు. పక్షవాతము ఇందుకు ఉదాహరణము. మూతి ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక చేయి పైకెత్తలేకపోవుట, మాట ముద్దగా వచ్చుట అను మూడు గుర్తులలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినను వెంటనే 108కి ఫోను చేయవలెను. మెదడు రక్తనాళములో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందు కలదు. అది సాధారణముగా గుర్తులు కనిపించిన నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. దానికి ముందు సి.టి. స్కాను తీయుట తప్పనిసరి. రక్తము చిమ్మి వచ్చిన పక్షవాతములో అదే మందు ప్రాణాంతకమగును. కావున స్కాను లేని చోట గంటలు గడుపరాదు. నాటువైద్యము, ఆకుపసరు, తావీజులకై ఆగరాదు. రోగి నోటిలో నీరు గాని, మందు గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. రోగి చివరిసారిగా బాగుగా నున్న సమయము కాగితముపై వ్రాసి డాక్టరుకు ఇయ్యవలెను. ఆయన మొదట అడుగు ప్రశ్న అదియే.

ఆపదలో నున్న రోగిని ముందు డబ్బు కట్టుమని త్రిప్పి పంపుటకు వీలులేదు. ప్రాణరక్షణ ప్రతి డాక్టరు విధియని, ప్రభుత్వ డాక్టరైనను ప్రైవేటు డాక్టరైనను ఇది తప్పదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో తీర్పు చెప్పినది. ఆసుపత్రి ద్వారము వద్ద ఈ సంగతి శాంతముగా, దృఢముగా చెప్పగలవారు ప్రతి గ్రామములో ఇద్దరైనను ఉండవలెను.

దీర్ఘవ్యాధులు: ఉద్దానము చెప్పు పాఠము

శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములతో కూడిన ఉద్దానము కొబ్బరి, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. అచ్చట మూత్రపిండముల జబ్బు కొన్ని దశాబ్దములుగా కుటుంబములను పీడించుచున్నది. దాని మూలకారణము ఇంతవరకు నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల పరిశోధనా కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినవి.

మూత్రపిండములు పూర్తిగా చెడిన రోగికి రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, సాధారణముగా వారమునకు మూడుసార్లు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు చేయవలసి యుండును. ఇది ఒక దినము పని కాదు, సంవత్సరముల పని. వెంట పోవు కుమారుడు అన్నిసార్లు కూలి పోగొట్టుకొనును. ఇట్టి రోగికి తోడు నిలుచువారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. రక్తశుద్ధికై చేతిలో రక్తనాళములను కలిపి ఏర్పరచిన చోటును ప్రాణమువలె కాపాడవలెను. ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టరాదు, ఆ చేతినుండి పరీక్షకు రక్తము తీయరాదు. క్రొత్త నర్సు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పవలసినది తోడు వచ్చినవారే.

ఆహార విషయము మరియొకటి. కొబ్బరినీరు చలువ అని, వంటికి మంచిదని మన నమ్మకము. ఆరోగ్యవంతులకు అది నిజమే. కాని కొబ్బరినీటిలో పొటాసియము ఎక్కువ. చెడిన మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు. అది రక్తములో పెరిగినచో గుండె ఆగిపోవు ప్రమాదము కలదు. కొబ్బరితోటల మధ్య నివసించు రోగికి ప్రేమతో ఇచ్చిన బోండమే హాని చేయవచ్చును. కావున ఏమి తినవచ్చును, ఎంత నీరు త్రాగవచ్చును అను సంగతిని డాక్టరువద్ద వ్రాయించుకొని వంటయింటి గోడకు అంటించుట మంచిది. ఇంటికి చూడవచ్చిన బంధువులకు కూడ అది కనిపించును.

ఖర్చు, ప్రభుత్వ సహాయము

జబ్బుకంటె జబ్బు ఖర్చే ఎక్కువగా కుటుంబములను కూల్చుచున్నది. అర ఎకరము అమ్మి, పుస్తెలు కుదువబెట్టి చికిత్స చేయించిన తరువాత అదే చికిత్స ఉచితముగా దొరకెడిదని తెలిసికొన్నవారు కలరు. కావున అప్పు చేయుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైనది. ఇప్పుడు అది ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతోను, తెలంగాణములో రాజీవ్ ఆరోగ్యశ్రీ అను పేరుతోను నడచుచున్నది. జాబితాలో చేరిన చికిత్సలను, పథకములో చేరిన ఆసుపత్రులలో, అర్హులు డబ్బు చెల్లింపకుండ పొందవచ్చును. ఆ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర, లేక వైద్యమిత్ర అను ఉద్యోగి ఉండును. ఆసుపత్రిలో అడుగిడగానే మొదట కలియవలసినది ఆ వ్యక్తినే. ఆధారు, రేషను కార్డు, పాత చీటీలు, పరీక్షల కాగితములు ఒక సంచిలో సిద్ధముగా నుంచుకొనవలెను. పథకములో చేరిన చికిత్సకు వేరుగా డబ్బు అడిగినచో ఆ సంగతి 104కి ఫోను చేసి తెలుపవచ్చును.

కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకమును 2024 అక్టోబరులో 70 సంవత్సరములు నిండినవారికందరకును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, విస్తరింపజేసినది. దీనిక్రింద కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవరకు చికిత్స లభించును. ఇందుకై వృద్ధులు ఆధారుతో ప్రత్యేకముగా కార్డు పొందవలెను. జబ్బు చేసిన తరువాత పరుగిడుట కంటె, ఆరోగ్యముగా నున్నప్పుడే కార్డు సిద్ధము చేయించుట వివేకము. నిత్యము వాడు మందులను జనౌషధి అంగళ్లలో తక్కువ ధరకు కొనవచ్చును.

ఊరిలో అర్హత లేని వైద్యుడు ఫలానా ప్రైవేటు ఆసుపత్రికే పొమ్మని పట్టుబట్టినప్పుడు, ఆ చికిత్స దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, పథకములోని ఆసుపత్రిలో గాని కలదేమో ముందు విచారింపవలెను. అట్టి సలహా వెనుక ఒక్కొక్కప్పుడు రోగి క్షేమము కాక వేరు లాభము ఉండవచ్చును.

చట్టము ఇచ్చిన హక్కులు

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. అందులోని 20వ విభాగము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రులలో 60 సంవత్సరములు దాటినవారికి వీలైనంతవరకు పడకలు ఇయ్యవలెను, వేరు వరుస ఏర్పాటు చేయవలెను. వేరు వరుస లేని చోట సూపరింటెండెంటును కలిసి దానిని కోరుట పంచాయతీ సభ్యులు సులభముగా చేయగల పని. బిడ్డలు వైద్యము చేయించక నిర్లక్ష్యము చేసినచో, అదే చట్టము క్రింద రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలునకు తల్లిదండ్రులు అర్జీ పెట్టుకొనవచ్చును. చట్టము చెప్పు పోషణలో తిండి, బట్ట, నివాసముతోబాటు వైద్యము కూడ చేరియున్నది. వయోవృద్ధుల సహాయమునకై 14567 అను ఫోను సంఖ్య కలదు.

వైద్యుల వృత్తి నియమములు, 2002 ప్రకారము, రోగి గాని ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగినచో 72 గంటలలోగా చికిత్స కాగితముల నకలు ఇయ్యవలెను. మరియొక డాక్టరు అభిప్రాయము పొందుటకు ఈ కాగితములు అవసరము. రెండవ అభిప్రాయము కోరుట మొదటి డాక్టరును అవమానించుట కాదు. ముఖ్యముగా పెద్ద ఆపరేషను గురించి చెప్పినప్పుడు అది మంచి పద్ధతి.

అన్యాయము జరిగినదని తోచినచో కేకలు వేయుట, ఆసుపత్రి సామగ్రి పగులగొట్టుట, డాక్టరుపై చేయి చేసికొనుట నేరము. అంతే కాక దానివలన ఆ ఆసుపత్రిలో మిగిలిన రోగుల చికిత్స నిలిచిపోవును. జరిగినది తేదీతో, సమయముతో, ఉన్నదున్నట్లు వ్రాసి మొదట సూపరింటెండెంటుకు, పిదప జిల్లా వైద్యాధికారికి, కలెక్టరుకు అర్జీ ఇయ్యవలెను. డబ్బు తీసికొని చేసిన వైద్యములో లోపమున్నచో వినియోగదారుల కమిషను ఉన్నది. నోటుపుస్తకము ఇక్కడ కూడ సాక్ష్యముగా ఉపకరించును.

మాననిదైనను ఉపశమింపజేయవచ్చును

కొన్ని జబ్బులు మానవు. అప్పుడు "ఇంటికి తీసికొనిపొండు" అను మాట వినబడును. ఇంటికి తీసికొనిపోవుట అనగా చికిత్స ముగిసినదని కాదు. క్యాన్సరు ముదిరిన రోగి నొప్పితో రాత్రంతయు మూలుగవలసిన అవసరము నేటి వైద్యములో చాలవరకు లేదు. మార్ఫిను వంటి మందులను అనుభవముగల డాక్టరు పర్యవేక్షణలో వాడినచో నొప్పి తగ్గును. ఇట్టి మందులు రోగులకు సులభముగా అందుటకై మాదకద్రవ్యముల చట్టమును 2014లో సవరించిరి. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలలో ఈ ఉపశమన చికిత్స విభాగములు పనిచేయుచున్నవి. "మాననిచో మానకపోవును గాని, మా నాయనకు నొప్పి లేకుండ చేయగలరా?" అని అడుగుట బిడ్డల హక్కు, బాధ్యత.

సేవ చేయువారు కూడ మనుష్యులే. నెలలతరబడి నిద్ర లేక, నడుము విరుగునట్లు రోగిని ఎత్తి దించుచున్న కోడలికి, వృద్ధ భార్యకు జబ్బు చేసినచో రోగికి దిక్కుండదు. వారమునకు ఒక పూటయైనను మరియొకరు ఆ మంచము ప్రక్క కూర్చుండి ఆమెకు విశ్రాంతి నీయవలెను. ఇది దానము కాదు, చికిత్సలో భాగము.

పంచాయతీలు చేయదగినవి

పైన చెప్పిన వానికి పెద్ద నిధులు అవసరము లేదు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ద్వారా ఈ క్రింది పనులను పంచాయతీలు చేపట్టవచ్చును.

మొదటిది, ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్తల సహాయముతో గ్రామములో 60 సంవత్సరములు దాటినవారి పట్టిక తయారుచేయుట. వారిలో ఒంటరిగా నున్నవారు, మంచము పట్టినవారు, బిడ్డలు దూరదేశములకు వలస పోయినవారు ఎవరో గుర్తించుట. పాలమూరు నుండియు, ఉత్తరాంధ్రమునుండియు పనులకై వలస పోవు కుటుంబములలో వృద్ధులే ఇండ్లలో మిగులుట మనమెరిగినదే. అట్టివారికి ఆసుపత్రికి తోడు పోవు పొరుగువారిని ముందుగానే నిర్ణయించి యుంచవలెను.

రెండవది, 70 సంవత్సరములు నిండినవారందరికి కార్డులు ఉన్నవో లేవో విచారించి, లేనివారికి ఒకే దినమున గ్రామములోనే నమోదు జరుగునట్లు అధికారులను కోరుట.

మూడవది, పంచాయతీ కార్యాలయపు గోడమీద 108, 104, 14567 సంఖ్యలతోబాటు, దగ్గరలో సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రి ఏది, రక్తశుద్ధి కేంద్రము ఏది, పథకములో చేరిన ఆసుపత్రులు ఏవి అను సంగతులను పెద్ద అక్షరములతో వ్రాయించుట. పక్షవాతపు మూడు గుర్తులను కూడ అక్కడనే వ్రాయింపవలెను.

నాలుగవది, యువజన సంఘమునుండి, మహిళా సంఘమునుండి చదువను వ్రాయను వచ్చిన ఇద్దరు ముగ్గురిని ఎన్నుకొని, అవసరమైనవారికి నోటుపుస్తకము వ్రాసిపెట్టుట, అర్జీ వ్రాయుట, ఆసుపత్రిలో తోడుండుట అను పనులను అప్పగించుట. రోగుల జబ్బుల సంగతులను ఊరిలో చాటరాదను నియమమును వారు తప్పక పాటింపవలెను.

అయిదవది, గ్రామసభలో సంవత్సరమునకు ఒక్కసారియైనను వృద్ధుల వైద్యమును చర్చనీయాంశముగా చేర్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును ఆహ్వానించి, ఏ మందులు దొరకుటలేదో, ఏ దినములలో డాక్టరు ఉండుటలేదో అందరియెదుట అడుగుట. ఒక కుటుంబము అడిగినచో అది ఫిర్యాదుగా కనిపించును. గ్రామము అడిగినచో అది తీర్మానమగును.

మనలను చేయిపట్టి నడిపించినవారు నేడు మన చేతిని పట్టుకొని ఆసుపత్రి మెట్లు ఎక్కుచున్నారు. వారి పక్షమున నాలుగు మాటలు సరిగా చెప్పగలుగుట, నాలుగు ప్రశ్నలు ధైర్యముగా అడుగగలుగుట ప్రతి ఇంటికిని రావలసిన విద్య. ఆ విద్యను ఇంటింటికి చేర్చుటకు పంచాయతీకంటె తగిన సంస్థ వేరొకటి లేదు. రాబోవు గ్రామసభలోనే సభ్యులు ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.